బాగున్నదాన్లోంచి తోడు

చిన్నదానా, పోయిన ఆదివారం ఫోన్లో అడిగావు చూడు, "అమ్మమ్మా, జీన్ రెగ్యులేషన్ అంటే ఏంటో నీకు తెలుసా?" అని. తెలుసే అన్నాను. పక్కనుంచి మీ అన్నయ్య పకపకా నవ్వాడు. వాడి లెక్కలో నేను కందిపొడి సీసాలకి గుడ్డ కట్టి పార్సిల్ చేసే మనిషిని. అదీ చేస్తాననుకో. కానీ దానికి ముందు బాపట్లలో ఒక చిన్న ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్లు టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేశాను. అక్కడ నేనేం చేసేదాన్నో మీ అమ్మకే సరిగ్గా తెలీదు, ఇక మీకేం తెలుస్తుంది? అందుకే రాస్తున్నాను. అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి చదవండి. నేను చక్కగా చేసిన పనులు చాలానే ఉన్నాయి గానీ, నాకు బాగా గుర్తున్నది మాత్రం నేను పాడుచేసిన పని.

ఎనభైల చివరి మాట ఇది. అప్పుడు మేం తెనాలిలో ఉండేవాళ్లం. పొద్దున్నే వంట ముగించి, మీ అమ్మకి జడలు వేసి మా అత్తగారికి అప్పజెప్పి, బాపట్ల పాసింజరు అందుకునేదాన్ని. ఆడవాళ్ల పెట్టెలో రోజూ అవే మొహాలు. ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, నలుగురు గుమాస్తాలు. నిడుబ్రోలు స్టేషను వచ్చేలోపు అందరి ఒళ్లోనూ చిక్కుడుకాయల ఈనెలు తీయడం అయిపోయేది.

మా ల్యాబులో పీహెచ్‌డీ చేసే అమ్మాయి ఒకతి ఉండేది. రేపల్లె దగ్గర పల్లె వాళ్లది. రేపల్లె బండిలో తెనాలి వచ్చి, ప్లాట్‌ఫారం మారి, మా పెట్టెలోకి పరిగెత్తుకొచ్చి ఎక్కేది. వాళ్ల నాన్న వ్యవసాయ కూలీ. వాళ్ల వీధిలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల తనే. సన్నగా, గాలికి ఊగే గడ్డిపోచలా ఉండేది గానీ నోరు మాత్రం గట్టిది.

ఆ అమ్మాయి చదువంతా మట్టిలో వేటాడే బాక్టీరియా మీద. మామూలు బాక్టీరియా ఉన్నచోట దొరికింది తిని ఊరుకుంటాయి. ఇవి వేలకొద్దీ కలిసి, వరినాట్లు వేసే ఆడవాళ్ల వరసలాగా పక్కపక్కనే జరుగుతూ పోతాయి. దారిలో ఎదురైన వేరే బాక్టీరియాని కరిగించి తాగేస్తాయి. తినడానికి ఏమీ దొరకనప్పుడు చూడాలి వీటి వింత. అన్నీ ఒకచోటికి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఆవగింజలో పదోవంతు ఉండే నారింజరంగు బుడిపెగా నిలబడతాయి. ఆ ప్రయత్నంలో చాలా చచ్చిపోతాయి. మిగిలినవి గట్టి పెంకు కట్టుకుని విత్తనాల్లా నిద్రపోతాయి. ఎండిపోయినా, ఏళ్లు గడిచినా, మళ్లీ తడి తగిలితే లేస్తాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

వీటిని మట్టిలోంచి బయటికి రప్పించడానికి ఒక ఉపాయం ఉంది. మట్టిని తడిపి, దాని మీద ఉడకబెట్టిన మేకపెంటికలు పరచాలి. రెండు వారాలకి ఆ పెంటికల మీద నారింజ బుడిపెలు లేస్తాయి. మా వీధి చివర మేకలుండేవి కాబట్టి పెంటికలు తెచ్చే పని నాది. స్టీలు డబ్బాలో పోసుకుని బండెక్కేదాన్ని.

ఒకరోజు నర్సు డబ్బా మూత తీసేసింది. "ఏంటి వదినా, ఎండు ద్రాక్షా? మాకు పెట్టకుండా దాచుకుంటున్నారే!"

"మేకపెంటికలండి."

"చాల్లెండి వేళాకోళం." అని చెయ్యి పెట్టి, ఒకటి తీసి, వాసన చూసి, కిటికీలోంచి విసిరేసింది. "ఛీ ఛీ! మీ ఆఫీసులో జీతం ఇచ్చేది దీనికా?"

"దీనికి కాదు పిన్నీ, దీని మీద మొలిచేదానికి" అంది మా ల్యాబు అమ్మాయి.

"ఏం మొలుస్తుందే?"

"నాకు డిగ్రీ."

పెట్టంతా నవ్వులు. నర్సు మాత్రం ఆ రోజు మా ఇద్దరి పక్కనా కూర్చోలేదు.

నిజంగానే మొలిచింది. వాళ్ల నాన్న ఇరవై ఏళ్లకు పైగా కూలి చేసిన పసుపు చేలోంచి పిడికెడు మట్టి తెచ్చింది ఆ అమ్మాయి. ఆ ఊళ్లో పసుపుకి దుంపకుళ్లు పట్టి చేలకి చేలు పోతుంటే, ఆ ఒక్క చేలో మాత్రం అంతగా రాలేదట. ఆ మట్టిలోంచి వచ్చిన బాక్టీరియాని జెల్లీ పోసిన గాజు ప్లేటుకి ఒకవైపు, దుంపకుళ్లు తెచ్చే బూజుని ఇంకోవైపు పెట్టాం. బూజు పాకుతూ వచ్చి, మధ్యలో ఆగిపోయింది. బాక్టీరియా చుట్టూ పసుపుపచ్చటి మెరుపు, దాని ముందు ఊడ్చినట్టు శుభ్రమైన ఖాళీ జాగా. దానికి మేం పెట్టుకున్న పేరు వాకిలి. "ఇవాళ ఎంత ఊడ్చింది అక్కా వాకిలి?" అని స్కేలు పట్టుకుని వచ్చేది రోజూ.

బూజుని ఆపే ఆ పసుపుపచ్చ మందుని అది ఎప్పుడు పడితే అప్పుడు తయారు చేయదు. అదే ఆ అమ్మాయి థీసిస్. ల్యాబు నడిపే మా సార్ నాలాంటి వాళ్లకి అర్థమయ్యేలా చెప్పేవారు. నెమ్మదైన మనిషి, ఆదివారం చర్చిలో పాటలు ఎంత మెల్లగా పాడతారో ల్యాబులో అంత మెల్లగా మాట్లాడేవారు.

"ఏమ్మా, మీ ఇంట్లో అన్నం, పప్పు రోజూ వండుతావా?"

"వండుతానండి."

"ఆవకాయ?"

"రోజూ ఎవరు పెడతారండి? మామిడికాయ రావాలి, ఎండ కాయాలి."

"ఆవకాయ పెట్టడం మిగతా రోజుల్లో మర్చిపోతావా?"

"లేదండి. చేతిలోనే ఉంటుంది."

"అంతే. దీనికీ అంతే. బతకడానికి కావాల్సింది రోజూ వండుకుంటుంది. ఈ పసుపుపచ్చది ఆవకాయ. ఎలా చెయ్యాలో జీన్లలో రాసే ఉంటుంది. ఆ పేజీ మాత్రం ఆకలేసినప్పుడో, ఎదురుగా ఇంకో జాతి కనపడినప్పుడో తెరుస్తుంది. ఎవరు తెరుస్తున్నారు, ఎప్పుడు మూస్తున్నారు, అదే మన పని."

చిన్నదానా, నీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. ఇక నా సంగతి.

తొంభైలు మొదలైన ఏడాది ఆ అమ్మాయికి కామెర్లు వచ్చాయి. నాలుగు నెలలు ఇంట్లోనే ఉండాలన్నారు డాక్టరుగారు. వెళ్లే ముందు ప్లేటు నా చేతిలో పెట్టింది. కళ్లు పచ్చగా ఉన్నాయి, అయినా నవ్వుతోంది.

"నా పిల్లని మీకు అప్పజెప్పి పోతున్నానక్కా. కడుపు మాడ్చకండి."

వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

వారానికోసారి పాత ప్లేటులోంచి సన్నటి తీగతో కాస్త తీసి కొత్త ప్లేటులో పెట్టాలి. లేకపోతే చచ్చిపోతుంది. మా ల్యాబులో ఆ పనిని తోడుపెట్టడం అనేవాళ్లం, పెరుగుకి లాగానే. ఆ అమ్మాయి దాన్ని పెంచేది ఉత్త నీళ్ల జెల్లీ మీద, తిండికి ఇంకో బాక్టీరియాని ఒక గీతలా గీసి. పల్చగా, పొడిపొడిగా, జబ్బు మనిషిలా ఉండేది. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు. పక్క షెల్ఫులో ఈస్టు, పాలపదార్థం కలిపిన మంచి బలమైన జెల్లీ ఉంది కదా అని దాని మీదికి మార్చాను. వారం తిరిగేసరికి ఎంత చక్కగా పెరిగిందనుకున్నారు! పేరిన నెయ్యిలా నున్నగా, మందంగా.

ఆ వారం నాలుగు ప్లేట్లు వేస్తే రెండింట్లో బాగా పెరిగింది, రెండింట్లో గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా ఉంది. దేన్లోంచి తోడు తీయాలి? ఆలోచించను కూడా లేదు. మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన మొదటి వారమే నేర్పారు. "కోడలు పిల్లా, తోడు ఎప్పుడూ గట్టిగా తోడుకున్న గిన్నెలోంచే తీయి. నీళ్లు విడిచిన దాన్లోంచి తీశావా, రేపటి పెరుగూ అంతే. బాగున్నదాన్లోంచి తీస్తేనే బాగుంటుంది." బాగున్నదాన్లోంచి తీశాను. గరుకువి కడిగేశాను. పదహారు వారాలు అలాగే.

సార్ అప్పుడప్పుడు అటు వచ్చి చూసి, "బాగా చూసుకుంటున్నావమ్మా" అనేవారు. ఇంటికెళ్లి ఆ మాట మా అత్తగారికి కూడా చెప్పాను.

అమ్మాయి తిరిగొచ్చింది. వచ్చిన రోజే బూజుకి ఎదురుగా పెట్టింది. ఐదో రోజు చూస్తే వాకిలి లేదు. పసుపుపచ్చా లేదు. బూజు దర్జాగా నడిచొచ్చి మా బాక్టీరియా మీద పడుకుని ఉంది.

మళ్లీ వేసింది. మళ్లీ అంతే.

ఇక్కడ ఆ అమ్మాయికి ఏం ప్రమాదమో చెప్పాలి. ఫెలోషిప్పు గడువు ఇంకో మూడు నెలలే ఉంది. వేరే ఊరి నుంచి వచ్చే పరీక్షకుడు, ఇలాంటి చిన్న ల్యాబులో ఇంత మంచి ఫలితమా అని అనుమానంగానే ఉత్తరం రాశారు. ప్లేట్లు కళ్లారా చూస్తే గానీ సంతకం పెట్టనన్నారు. అవి చూపించలేకపోతే నాలుగేళ్ల చదువు పోయినట్టే. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. నేను కడిగిన పిపెట్లు సర్దుతుండగానే సార్ ఆ అమ్మాయిని అడిగారు.

"మొదటి ప్లేట్లు ఎన్నిసార్లు వేశావమ్మా?"

"తొమ్మిదిసార్లు సార్."

"తొమ్మిదిసార్లూ వాకిలి వచ్చిందా? నిజం చెప్పు."

"వచ్చింది సార్."

"మరి ఇప్పుడెందుకు రావట్లేదు?"

ఆ జవాబు నా దగ్గర ఉంది.

వాకిలి లేదని తెలిసిన రెండో రోజే అర్థమైంది నాకు. మైక్రోస్కోపులో చూశాను, ఒక్క బుడిపె లేదు. నాలుగు నెలలు నేను కడిగి పారేసిన గరుకు ప్లేట్లు కళ్లముందు తిరిగాయి. కానీ నోరు విప్పలేదు. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదు, అదొక భయం. దానికి తోడు, బాగా చూసుకున్నావని అందరూ మెచ్చుకున్న పని తప్పని నా నోటితో నేనెలా చెప్పను? కరెంటు కోతల వల్లేమో అన్నారు ఒకరు. జెల్లీ పొడి మారిందేమో అన్నారు ఇంకొకరు. అన్నిటికీ తలూపాను. తొమ్మిది రోజులు తలూపాను.

పదో రోజు బండిలో ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. అప్పికట్ల దాటాక అంది, "రేపట్నుంచి రానక్కా."

"అదేంటి?"

"సార్ నేను అబద్ధం రాశాననుకుంటున్నారు. ఆయన్ని అని ఏం లాభం? నాకే అనుమానంగా ఉంది. జబ్బు చేసి మతిపోయిందేమో. నేను చూసింది నిజమేనా?" నా చెయ్యి పట్టుకుంది. "మీరు చూశారు కదక్కా వాకిలి? మీరైనా చూశారు కదా?"

"చూశానమ్మా. రోజూ చూశాను" అన్నాను.

ల్యాబులో చేతిసంచి కూడా కింద పెట్టకుండా రిజిస్టరు తీసుకుని సార్ గదిలోకి వెళ్లాను. అమ్మాయినీ రమ్మన్నాను. తోడుపెట్టిన ప్రతిసారీ ఏ ప్లేటు నుంచి తీశామో, ఏ జెల్లీ మీద వేశామో అందులో రాయాలి. నేను రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. సార్ పైకి చదివారు.

"మొదటి వారం. బలమైన జెల్లీ. బాగా పెరిగిన ప్లేటు నుంచి. రెండో వారం. బాగా పెరిగిన ప్లేటు నుంచి. మూడో వారం. బాగా పెరిగిన ప్లేటు నుంచి..."

పదహారూ చదివారు. ఒక్కటి కూడా వదల్లేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు పెరుగు తోడుపెట్టావమ్మా" అన్నారు.

అవునండి, తొమ్మిది రోజుల కిందటే అర్థమైందండి అన్నాను.

"కడుపునిండా తిండి పెట్టి, అందులోనూ ఆవకాయ పెట్టడం మానేసి తింటూ కూర్చున్నవాటినే ఏరి ఏరి పెంచావు. ఆవకాయ పెట్టేవాటిని కడిగేశావు."

అప్పుడు ఆయన అమ్మాయి వైపు తిరిగి, "నన్ను క్షమించమ్మా. నిన్ను అనుమానించాను" అన్నారు. నాతో మాత్రం ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయి వరండాలో నా పక్కన నిలబడింది. "తొమ్మిది రోజులక్కా" అంది. అంతే. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంకో ఆశ ఉంది. ఆ పేజీ మూసుకుని ఉందా, చిరిగిపోయిందా? మూసుకుని ఉంటే ఆకలి పెడితే తెరుచుకుంటుంది. ఇప్పుడైతే జీన్లని చదివే మెషిన్లున్నాయట. మాకు ఆకలి పెట్టి చూడటమే పరీక్ష. నీళ్ల జెల్లీ మీద వేశాం, ఎదురుగా వేరే బాక్టీరియాని పెట్టాం. పది రోజులు చూశాం. కాస్త ముద్దలు కట్టింది గానీ బుడిపె నిలబడలేదు, పసుపుపచ్చ రాలేదు. చిరిగిపోయిందన్నమాట.

"మొదట తెచ్చిన మట్టి అయిపోయింది. పోనీ, మళ్లీ ఆ చేను మట్టి తెద్దాం" అన్నారు సార్.

"ఆ చేను లేదు సార్" అంది అమ్మాయి. "నాకు ఒంట్లో బాగోలేనప్పుడు రొయ్యల చెరువు తవ్వేశారు."

ఆ రోజుల్లో రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా ఎటు చూసినా అదే. నిన్నటి చేలో ఇవాళ ఉప్పునీళ్లు.

ఆ ఆదివారం నేనొక్కదాన్నే రేపల్లె బండెక్కాను. గట్టు మీదైనా పాత మట్టి మిగిలి ఉంటుందేమోనన్న ఆశ ఒకటి. ఆ పిల్ల తల్లిదండ్రులకి నా నోటితో చెప్పుకోవాలన్నది రెండోది. చర్చి వదిలే వేళకి వాళ్ల ఇంటికి చేరాను. నన్ను చూడగానే వాళ్లమ్మ కంగారుపడి, "సోడా తెప్పిస్తానండి" అంది. కుండలో నీళ్లే కావాలన్నాను. అమ్మాయి లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

చెప్పాను అంతా. వాళ్ల నాన్న నేల మీద గొంతుకూర్చుని విన్నాడు. విని, "తిండి ఎక్కువై పాడైందంటారు" అన్నాడు.

"అవునండి."

"మా ఇంట్లో ఎప్పుడూ రాని జబ్బండి అది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"గట్టు మీద మట్టి ఏమైనా ఉంటుందా అన్నా?"

"ఎక్కడి గట్టమ్మా. మిషను పెట్టి మొత్తం తిరగేశారు. పైన మట్టి లారీల్లో పోయింది." కూతురి వైపు చూశాడు. ఏదో తప్పు ఒప్పుకునేవాడిలా గొంతు తగ్గించాడు. "ఏమ్మే, పార మీది మట్టి పనికొస్తదా?"

"ఏ పార నాన్నా?"

లేచి వెళ్లి చూరులోంచి పార లాగాడు. రేకు నిండా మట్టి అట్టకట్టి, ఎండి, నెర్రెలిచ్చి ఉంది.

"నాన్నా! పార కడక్కుండా పెట్టావా నువ్వు?" అంది అమ్మాయి. నిజంగా ఆశ్చర్యపోయింది.

"నా ఒంట్లో లేదమ్మా ఆ అలవాటు" అన్నాడాయన నాతో, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "ముప్పై ఏళ్లలో ఏ రోజూ మట్టి పారతో ఇంటికి రాలేదు. ఆ చేలో ఆఖరు రోజు పని చేసొచ్చి, కడుగుదామని బోరు దగ్గరికి పోయాను. కడగబుద్ధి కాలేదండి. ఇంకో పార కొనుక్కుని పనికి పోతన్నాను."

ఆయనకి ఆ చేలో సెంటు భూమి లేదు.

బ్లేడుతో గీకాను. కాగితం మీద అమ్మాయి పట్టింది. సగం గీకాక ఆయన, "సరిపోతదా అమ్మా? మిగతాది ఉండనీయండి" అన్నాడు. ఉంచాం.

ఉడకబెట్టిన పెంటికలు, తడి మట్టి, రెండు వారాలు. ఆ రెండు వారాలూ బండిలో మా ఇద్దరి ఒళ్లోనూ చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయేవి. పదమూడో రోజు పొద్దున అమ్మాయి లెన్సు నా చేతికిచ్చి, "మీరు చూడండక్కా, నాకు భయంగా ఉంది" అంది. ఒక పెంటిక అంచున మూడు నారింజ బుడిపెలు. మిగతా క్రిముల నుంచి దాన్ని విడదీయడానికి ఇంకో నెల పట్టింది. గడువుకి వారం ముందు వాకిలి వచ్చింది, మునుపటి కంటే కొంచెం చిన్నది. తీగ పట్టుకుని తోడు తీసింది నేనే. సార్ నాకే ఇచ్చారు ఆ పని. గరుకుగా, బుడిపెలుగా, జబ్బు మనిషిలా ఉన్న ప్లేటులోంచి తీశాను.

పరీక్షకుడు వచ్చి ప్లేటుని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"ఈ స్ట్రెయిను ఎక్కడిది?"

"మా నాన్న పార మీదిదండి" అంది అమ్మాయి.

ఆయన నవ్వుదామా వద్దా అని సార్ వైపు చూశారు. సార్ తలూపారు, నిజమేనన్నట్టు.

నేను పాడుచేసిన ప్లేట్లని కూడా పారేయనివ్వలేదు ఆ పిల్ల. వాకిలి ఊడ్చే గుణం పోగొట్టుకున్నవి ఒకవైపు, పోగొట్టుకోనివి ఒకవైపు పెట్టి, తేడా ఏంటని ఐదో అధ్యాయం మొత్తం రాసింది. థీసిస్ మొత్తంలో అదే బాగుందన్నారట. ముందు పేజీలో కృతజ్ఞతల దగ్గర నా గురించి ఒక వాక్యం ఉంది, 'ఐదో అధ్యాయానికి కారణమైన అక్కకి' అని. మీ తాతయ్య అది చదివి ఎంత గర్వపడ్డారో! ఆ కారణమేంటో ఆయనకి నేను చాలా ఏళ్లు చెప్పలేదు.

డిగ్రీ వచ్చిన వారానికి తెనాలిలో మిఠాయి పొట్లం కట్టించుకుని మళ్లీ రేపల్లె వెళ్లాను. వాళ్ల నాన్న అప్పుడే పనిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నా చూపు చూరు మీదికి పోయింది. కొత్త పార పక్కనే పాత పార. రేకు తళతళలాడుతోంది. మట్టి రవ్వ లేదు.

"కడిగేశారా అన్నా?"

"పిల్ల చెప్పిందండి, అది అక్కడ మీ ప్లేట్లలో బతుకుతోందని" అన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని మిఠాయి పొట్లం అందుకున్నాడు. "మరి పార మీద ఇంకెందుకమ్మా?"